ట్రైలర్ లాగే రైతు వాహనాలకు వెనుక కమాను కట్టల సవరణ: తక్కువ ఖర్చు పద్ధతులు, వాటి హద్దులు

సారాంశం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ధాన్యం, చెరకు, జీడి గింజలు, కొబ్బరి తరలించే చిన్న సరుకు వాహనాలకు ట్రైలర్ గాని, చక్రాల మీది నూర్పిడి యంత్రం గాని తగిలించినపుడు వెనుక భాగం కుంగిపోతుంది. దీనికి వాహన యజమానులు మొదట ఎంచుకొనే చవకైన మార్గం కమాను కట్టలో అదనపు పట్టీ వేయించడం. ఈ వ్యాసంలో వెనుక కమానుపై పడే బరువును లెక్కించే పద్ధతి, తక్కువ ఖర్చుతో చేయదగిన సవరణలు, చేయకూడనివి, చట్టపరమైన హద్దులు వివరించబడినవి. పట్టీ వేయడం వలన వాహనం వెనుక భాగం పైకి లేస్తుందే గాని ముందు చక్రాలు కోల్పోయిన బరువు తిరిగి రాదనీ, బరువును సరైన చోట అమర్చడం పట్టీ వేయించడం కంటే ముందుగా జరగవలసిన పని అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ముఖ్య పదాలు: కమాను కట్ట, నొగ బరువు, సహాయక కమాను, ఇరుసు భారం, పంట రవాణా

పరిచయం

గత రబీ కాలపు క్షేత్ర పర్యటనలో ఒక చిన్న పికప్ వాహనం నూర్పిడి యంత్రాన్ని లాగుతూ కాలువ గట్టు మలుపు వద్ద తిరగలేక, మలుపు దాటి నేరుగా పోయి గట్టు అంచున ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. డ్రైవరు స్టీరింగును పూర్తిగా తిప్పియే ఉన్నాడు. ముందు చక్రాలు మాత్రం నేలను పట్టలేదు. ఆ వాహనానికి అంతకు కొద్ది వారాల ముందే వెనుక కమానుల్లో చెరి రెండు పట్టీలు అదనంగా వేయించారు. నాతో వచ్చిన విద్యార్థి ఒకరు, "సార్, పట్టీలు వేయించిన తరువాత కూడా ఇలా ఎందుకు జరిగింది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

సస్య విజ్ఞాన ఆచార్యునికి కమాను పట్టీతో పనేమిటన్న సందేహం కలుగవచ్చు. పండిన పంట మిల్లు చేరేవరకు రైతు చేతికి వచ్చినట్టు కాదు. ఉత్తరకోస్తాలో ఖరీఫ్ వరి కోతలు, తుపానుల కాలం ఒకదానిపై ఒకటి పడతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ మిగిల్చిన నష్టం ఈ ప్రాంత రైతులకు నేటికీ జ్ఞాపకమే. వాయుగుండం వార్త వినగానే రెండు దఫాల బరువును ఒకే దఫాలో తరలించాలన్న ఆతురత కలగడం సహజం. చెరకు విషయంలో దూరం మరొక కారణం. భీమసింగి సహకార చక్కెర కర్మాగారంలో గానుగ నిలిచిన తరువాత ఆ పరిసరాల చెరకు సంకిలి వంటి దూరపు కర్మాగారాలకు తరలవలసి వచ్చింది. ఆతురత, దూరం రెండూ కలిసి చివరకు వాహనపు వెనుక ఇరుసు మీదనే పడుతున్నాయి.

లారీల ఊరుగా పేరొందిన సాలూరు మొదలుకొని రాజాం, పాలకొండ, టెక్కలి, పలాస వరకు కమాను పని తెలిసిన మెకానిక్కులు ఉన్నారు. వారి చేతి నైపుణ్యంలో లోపం లేదు. అయితే "ఏ బరువుకు, ఏ అవసరానికి" అన్నది చెప్పవలసినది వాహన యజమాని. అతనికి ఆ లెక్క నేర్పవలసినది విస్తరణ సిబ్బంది.

వెనుక కమానుపై బరువు ఎలా పడుతుంది?

ఎద్దుబండి తోలిన ప్రతి రైతుకూ ఈ సూత్రం తెలుసు. బరువు ఇరుసుకు మరీ ముందుకు జరిగితే కాడి ఎద్దుల మెడపై అణుగుతుంది; మరీ వెనుకకు జరిగితే కాడి పైకి లేచి మెడతాళ్లు గొంతుకు బిగుస్తాయి. కాబట్టి బస్తాలను ఇరుసుకు కొద్దిగా ముందుకు మొగ్గేలా సర్దుతారు. రెండు చక్రాల ట్రైలరుకూ ఇదే వర్తిస్తుంది. ట్రైలర్ ముందు భాగం లాగే వాహనపు హుక్‌పై నిలువుగా మోపే బరువును ఈ వ్యాసంలో "నొగ బరువు" అని వ్యవహరిస్తున్నాము. ఇది సాధారణంగా ట్రైలర్ మొత్తం బరువులో 10 నుండి 15 శాతం ఉండడం మంచిది. అంతకు బాగా తగ్గితే వేగం పెరిగినపుడు ట్రైలర్ తోక ఊగిసలాడుతుంది; బాగా పెరిగితే లాగే వాహనం వెనుక భాగం కుంగుతుంది. ముందు తిరుగుడు ఇరుసు ఉన్న నాలుగు చక్రాల ట్రైలర్ తన బరువును దాదాపుగా తానే మోస్తుంది గనుక హుక్‌పై నిలువు భారం స్వల్పం.

ఒక ఉదాహరణను లెక్కించి చూద్దాము. పికప్ వాహనం ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 300 సెం.మీ. అనుకుందాము. హుక్ వెనుక ఇరుసుకు 120 సెం.మీ. వెనుక ఉంది. ట్రైలర్ మొత్తం బరువు 800 కిలోలు, అందులో నొగ బరువు 100 కిలోలు. హుక్‌పై 100 కిలోలు పడినపుడు వెనుక ఇరుసుపై పెరిగేది 100 కిలోలు కాదు; 100 × (300 + 120) ÷ 300 = 140 కిలోలు. మిగిలిన 40 కిలోలు ఎక్కడి నుండి వచ్చాయి? ముందు ఇరుసు నుండి. అంటే ముందు చక్రాలు 40 కిలోలు తేలికపడ్డాయి. వెనుక ఇరుసు తక్కెడ ముల్లులా పని చేసి, వెనుక నొక్కిన కొద్దీ ముందు భాగాన్ని పైకెత్తుతుంది.

ఇప్పుడు అదే వాహనపు తొట్టిలో 100 కిలోల సరుకు ఉందనుకుందాము. దానిని తొట్టి చివర, అంటే వెనుక ఇరుసుకు 60 సెం.మీ. వెనుక పెడితే వెనుక ఇరుసుపై 120 కిలోలు పెరిగి, ముందు ఇరుసు మరి 20 కిలోలు కోల్పోతుంది. అదే సరుకును క్యాబిన్ గోడకు ఆనించి, వెనుక ఇరుసుకు 120 సెం.మీ. ముందు పెడితే వెనుక ఇరుసుపై 60 కిలోలు, ముందు ఇరుసుపై 40 కిలోలు పడతాయి.

రెండు అమరికలనూ నొగ బరువుతో కలిపి పోల్చి చూడాలి:

సరుకు తొట్టి చివర ఉన్నపుడు: వెనుక ఇరుసుపై 260 కిలోలు అదనం, ముందు ఇరుసుపై 60 కిలోలు లోటు.

సరుకు క్యాబిన్ గోడ వద్ద ఉన్నపుడు: వెనుక ఇరుసుపై 200 కిలోలు అదనం, ముందు ఇరుసుపై లోటు లేదు.

మోసిన బరువు రెండింటిలోనూ ఒక్కటే. చోటు మాత్రమే మారింది.

పట్టీ వేస్తే ఏమి మారుతుంది?

ఒకే మందం, ఒకే వెడల్పు గల పట్టీలతో కూడిన కమాను కట్ట బిగువు ఉజ్జాయింపుగా పట్టీల సంఖ్యకు అనుపాతంలో ఉంటుంది. ఐదు పట్టీల కట్టకు ఆరవ పట్టీ చేరిస్తే బిగువు సుమారు 20 శాతం పెరుగుతుంది. మందం ప్రభావం ఇంతకంటే చాలా తీవ్రం. బిగువు మందం ఘనాన్ని అనుసరిస్తుంది. 8 మి.మీ. పట్టీకి బదులు 10 మి.మీ. పట్టీ వేస్తే ఆ ఒక్క పట్టీ బిగువు దాదాపు రెట్టింపవుతుంది. అందువలన "ఇంకొంచెం దళసరి పట్టీ" అన్న మాటను తేలికగా తీసుకోరాదు.

పై ఉదాహరణలో వెనుక రెండు కమానులూ కలిసి సెంటీమీటరు కుంగడానికి 40 కిలోలు అవసరమనుకుందాము. సరుకు తొట్టి చివర ఉన్నపుడు 260 కిలోలకు వాహనం 6.5 సెం.మీ. కుంగుతుంది. చెరొక పట్టీ చేర్చితే బిగువు 40 నుండి 48కి పెరిగి, కుంగుదల 5.4 సెం.మీ.కు తగ్గుతుంది. పట్టీ వేయకుండా సరుకును ముందుకు జరిపితే 200 కిలోలకు కుంగేది 5 సెం.మీ. మాత్రమే. పైసా ఖర్చు లేని పని పట్టీ కంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది. అంతకంటే ముఖ్యమైనది, పట్టీ వేసిన వాహనంలో ముందు చక్రాల 60 కిలోల లోటు అలాగే మిగిలిపోయింది. ఎక్కువ వంపు గల పట్టీ వేయించి వెనుక భాగాన్ని పూర్తిగా సమం చేసినా ఆ లోటు తీరదు. పైగా కుంగుదల కనబడకపోవడం వలన డ్రైవరుకు హెచ్చరిక కూడా అందదు. కాలువ గట్టు మలుపు వద్ద జరిగినది ఇదే.

సవరణకు ముందు చేయవలసిన పనులు

1. నొగ బరువు తూచడం: ఇంట్లో వాడే తూకపు యంత్రం చాలు. గట్టి దూలం ఒక కొనను ఇటుకపై, రెండవ కొనను యంత్రంపై ఆనించి, ట్రైలర్ నొగను ఇటుక వైపు నుండి ఒక అడుగు, యంత్రం వైపు నుండి రెండు అడుగుల దూరంలో దూలంపై నిలపాలి. యంత్రం చూపిన అంకెను మూడుతో హెచ్చిస్తే నొగ బరువు వస్తుంది. నొగ ఎత్తు హుక్ ఎత్తుకు సమానంగా ఉండాలి. చక్రాలకు అడ్డు రాళ్లు తప్పనిసరి.

2. ఇరుసుల బరువు తూచడం: రైస్ మిల్లు లేదా చక్కెర కర్మాగారం కాటా వద్ద ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి ఒకసారి, లాగే వాహనాన్ని పూర్తిగా ఎక్కించి ఒకసారి తూచాలి. ట్రైలర్ తగిలించి, దాని చక్రాలు కాటాకు వెలుపల ఉండగా మళ్లీ అదే విధంగా తూచితే ముందు ఇరుసు ఎంత కోల్పోయినదీ తేలిపోతుంది.

3. ఎత్తు కొలవడం: కాటా అందుబాటులో లేనిచోట ముందు, వెనుక చక్రాల నడిబొడ్డు నుండి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి, బరువు వేయక ముందు, వేసిన తరువాత పోల్చాలి. వెనుక ఎంత కుంగినదన్న దాని కంటే ముందు ఎంత లేచినదన్నది ముఖ్యం.

4. పాత లోపాలు సరిచేయడం: విరిగిన పట్టీ, అరిగిన షాకిల్ బుష్‌లు, వదులైన యు-బోల్టులు, గాలి తగ్గిన టైర్లు కూడా కుంగుదలగానే కనిపిస్తాయి. వీటిని సరిచేసిన తరువాతనే సవరణ మాట ఎత్తాలి.

5. పంటను ఆరబెట్టడం: ఇది మన శాస్త్రం చేయగల సాయం. 22 శాతం తేమతో ఉన్న 1,000 కిలోల ధాన్యంలో పొడి పదార్థం 780 కిలోలు. కొనుగోలు కేంద్రాలు అనుమతించే 17 శాతం తేమకు ఆరబెడితే అదే ధాన్యం 940 కిలోలే తూగుతుంది. టన్నుకు 60 కిలోల నీటిని వాహనం మోయనక్కరలేదు.

తక్కువ ఖర్చు సవరణలు

పై పనులన్నీ చేసిన తరువాత, బరువు రిజిస్ట్రేషన్ పత్రంలోని పరిమితికి లోబడి ఉండి కూడా వాహనం అధికంగా కుంగుతూ ఉంటే ఈ క్రింది సవరణలు ఆలోచించవచ్చు. ఖర్చు తక్కువ నుండి ఎక్కువకు వరుసగా ఇవ్వబడినవి.

రబ్బరు దిమ్మలు: ఛాసిస్‌కు, ఇరుసుకు మధ్య ఉండే బంపు స్టాపు స్థానంలో బోలుగా ఉండే దళసరి రబ్బరు దిమ్మలు అమర్చడం. ఖాళీగా ఉన్నపుడు ఇవి అంటవు. బరువు పెరిగిన కొద్దీ నలిగి క్రమంగా బిగువు పెంచుతాయి. అమర్చడానికి బోల్టులు చాలు. టైరు ముక్కలు కోసి తీగతో కట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. అవి జారి బ్రేకు గొట్టాలపై పడే ప్రమాదముంది.

కమాను వంపు తిప్పించడం: పాతబడి చదునైన పట్టీలకు తిరిగి వంపు తేవడం. పట్టీలు సిలికాన్, మాంగనీసు కలిసిన స్ప్రింగ్ ఉక్కుతో తయారవుతాయి. కొలిమిలో ఎర్రగా కాచి వంచి గాలికి వదిలేస్తే ఆ ఉక్కు తన పదును కోల్పోయి కొద్ది నెలల్లోనే మళ్లీ చదునవుతుంది. సుమారు 850 నుండి 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి నూనెలో చల్లార్చి, మళ్లీ 400 నుండి 500 డిగ్రీల మధ్య కాచే సౌకర్యం ఉన్నచోటనే వేడి పద్ధతి పనికివస్తుంది. లేనిచోట చల్లగా ఉండగానే ప్రెస్సుపై వంచడం మేలు.

అదనపు పట్టీ: కట్టలోని పట్టీల మందానికి మించనిది, పొడవులో క్రమానికి తగినది ఒక్కటి చేర్చవచ్చు. ఎడమ, కుడి రెండు వైపులా ఒకే విధంగా ఉండాలి. సెంటర్ బోల్టు, యు-బోల్టులు పొడవు చాలనపుడు కొత్తవే వేయాలి. సాగిన పాత యు-బోల్టులు తిరిగి బిగించరాదు. బరువుతో కొంత దూరం నడిపిన తరువాత నట్లను మరల బిగించాలి. కట్ట బిగువు ఎప్పుడూ ఒకేలా పెరుగుతుంది గనుక ఖాళీ వాహనం ఎగిరెగిరి పడుతుంది. తడి రోడ్డుపై ఖాళీగా బ్రేకు వేసినపుడు వెనుక చక్రాలు జారడానికి ఇదొక కారణం.

సహాయక కమాను: ప్రధాన కట్టపై అమర్చే పొట్టి కమాను. బరువు పడి వాహనం కొంత కుంగిన తరువాతనే దీని కొనలు ఛాసిస్ బ్రాకెట్లను తాకి పని మొదలుపెడతాయి. ఖాళీ వాహనపు నడక మారదు. వెళ్లేటపుడు బరువుతో, వచ్చేటపుడు ఖాళీగా తిరిగే రైతు వాహనానికి ఇది అన్నిటికంటే అనువైనది. బ్రాకెట్లను ఛాసిస్‌కు బోల్టులతోనే, వాహన తయారీదారు సూచించిన రంధ్రాలలోనే బిగించాలి.

చేయకూడని పనులు

కమాను పట్టీకి వెల్డింగ్ చేయడం ఎట్టి పరిస్థితిలోను తగదు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఉక్కు పెళుసై అక్కడే విరుగుతుంది. ఇరుసుకు, కట్టకు మధ్య చెక్క దిమ్మలు పెట్టడం, పొడవైన షాకిళ్లు వేయడం ఎత్తును పెంచుతాయే గాని మోసే శక్తిని పెంచవు. హుక్ ఎత్తు పెరిగితే రెండు చక్రాల ట్రైలర్ మూతి పైకి లేచి, దాని బరువు వెనుకకు మొగ్గి, నొగ బరువు తగ్గి, ఊగిసలాట మొదలవుతుంది.

చాలా పికప్ వాహనాలలో వెనుక ఇరుసును, ఛాసిస్‌ను కలుపుతూ ఒక సన్నని కడ్డీతో పనిచేసే బ్రేకు వాల్వు ఉంటుంది. వెనుక భాగం ఎంత కుంగినదో గ్రహించి వెనుక బ్రేకులకు అంత ఒత్తిడి పంపడం దాని పని. కమానులు బిగించి వెనుక భాగాన్ని పైకి లేపితే, నిండు బరువుతో ఉన్న వాహనాన్ని కూడా ఆ వాల్వు ఖాళీదిగానే భావించి వెనుక బ్రేకులకు తక్కువ ఒత్తిడి పంపుతుంది. ఒడిశా నుండి సాలూరు వైపు ఘాట్ రోడ్డులో దిగే వాహనానికి ఇది ప్రాణాంతకం కాగలదు. కమాను సవరణ జరిగిన ప్రతిసారీ ఈ వాల్వును అధీకృత వర్క్‌షాపులో సరిచేయించుకోవాలి. ముందు దీపాల కోణం కూడా సరిచూడాలి.

ట్రాక్టరు విషయం

ట్రాక్టరు వెనుక ఇరుసుకు సాధారణంగా కమానులు ఉండవు. టైర్లే ఆ పని చేస్తాయి. అయినా తక్కెడ సూత్రం మారదు. ట్రైలరును డ్రాబారుకు గాక ఎత్తైన చోట తగిలిస్తే ఎత్తు ఎక్కేటపుడు ముందు చక్రాలు లేస్తాయి. ముందు బరువు దిమ్మలు, తక్కువ ఎత్తు హుక్, ట్రైలరుకు పనిచేసే బ్రేకులు ఇక్కడ మన "సవరణలు".

పొలంలో మరొక నష్టముంది. వంశధార, నాగావళి ఆయకట్టులలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము, పెసర విత్తనాలు వెదజల్లి, నేలలో మిగిలిన తేమతోనే పండిస్తారు. నిండు ట్రైలర్ ఆ మడిలోకి దిగితే చక్రాల గాడులలో మొలకలు నలిగిపోతాయి. టైరు ఒత్తిడి పైమట్టిని, ఇరుసు భారం లోపలి మట్టిని గట్టిపరుస్తాయి. కమానులు బిగించి ఎక్కువ బరువు మోయించడమంటే ఆ భారాన్ని మన మాగాణిపైననే మోపడం. ట్రైలరును గట్టుపైననే నిలిపి, బస్తాలను అక్కడికి చేర్చడం ఉత్తమం.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ నిర్దేశిస్తున్నది. అధిక బరువుకు సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున జరిమానా ఉంది. కమాను బలపడినంత మాత్రాన పత్రంలోని మోత పరిమితి పెరగదు. ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ పాతవే. కాబట్టి సవరణకు ముందు రవాణా శాఖ కార్యాలయంలోను, తయారీదారు వర్క్‌షాపులోను విచారించుకోవాలని రైతుకు చెప్పడం మన బాధ్యత.

విస్తరణ సిబ్బందికి సూచనలు

కోతల సీజనుకు ముందే, యంత్రాలు అద్దెకిచ్చే రైతు సంఘాలతో, వాహన యజమానులతో, స్థానిక కమాను మెకానిక్కులతో కలిపి ఒక పూట ప్రదర్శన ఏర్పాటు చేయవచ్చు. ఒక పికప్, ఒక ట్రైలర్, పది ధాన్యం బస్తాలు, ఒక మిల్లు కాటా ఉంటే చాలు. అవే బస్తాలను మొదట తొట్టి చివర, తరువాత క్యాబిన్ గోడ వద్ద పేర్చి ముందు ఇరుసు బరువును రెండుసార్లు తూచి చూపాలి. ఉపన్యాసం కంటే కాటా చూపే అంకె రైతుకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణ కాలంలో ఇదే ప్రదర్శనను తాము ఉన్న గ్రామంలో నిర్వహించి, కొలతలు నమోదు చేయవచ్చు.

రైతు అడిగినపుడు చెప్పవలసిన క్రమం ఇది: ముందు తూచండి, తరువాత సర్దండి, పాత లోపాలు సరిచేయండి, అప్పటికీ అవసరమైతే సహాయక కమాను వేయించండి. ఈ క్రమం తలక్రిందులైతే ఖర్చు పెరుగుతుంది, క్షేమం తగ్గుతుంది.

ముగింపు

కమాను పట్టీ చవకైనది, పనికివచ్చేది. అయితే అది మోసేది వాహనపు వెనుక భాగాన్ని మాత్రమే. ముందు చక్రాలకు నేలపై పట్టు ఇచ్చేది బరువు అమరిక. ఎద్దుబండిపై బస్తా సర్దిన మన పెద్దలు కాడిపై చేయి వేసి మొగ్గు చూసుకొని గాని బండి కదిలించేవారు కాదు. ఇంజను బండికీ ఆ ఒక్క నిమిషపు పరీక్ష అవసరమే. పండించిన పంటతో పాటు దానిని తోలుకుపోయిన మనిషి కూడా క్షేమంగా ఇల్లు చేరినపుడే ఆ సాగు పూర్తయినట్టు.